జేమ్స్ డైసన్ అవార్డుకు పంపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఎంట్రీలు మొదలయ్యే వేళకు అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఫైనలియర్ విద్యార్థులు అడుగుతారు, వాళ్ల గైడ్లు అడుగుతారు, చదువు ముగించి ఉద్యోగంలో చేరినవాళ్లూ అడుగుతారు. అందుకే ఈసారి అన్నిటినీ ఒకచోట చేర్చాను. ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఏ జవాబు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది. అర్హత, గడువుల విషయంలో మాత్రం ఆ ఏటి నిబంధనల పేజీయే ఆఖరి మాట.

## పోటీ, అర్హత

అసలు ఈ పోటీలో ఏం చేయమంటారు?

పోటీ అంశం ఒక్క వాక్యమే: ఒక సమస్యను పరిష్కరించే వస్తువును రూపొందించండి. ఏ సమస్య, ఏ రంగం, ఏ పదార్థం అన్నది పూర్తిగా మీ ఇష్టం. ప్రొడక్ట్ డిజైన్, ఇండస్ట్రియల్ డిజైన్, ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్ల కోసం, ఈమధ్యే చదువు ముగించినవాళ్ల కోసం జేమ్స్ డైసన్ ఫౌండేషన్ దీన్ని నడుపుతోంది. ఈ ఫౌండేషన్ 2002లో మొదలైంది. సంచి లేని వాక్యూమ్ క్లీనర్ తయారుచేసిన బ్రిటిష్ ఆవిష్కర్త జేమ్స్ డైసన్ పేరు మీద ఉన్నంత మాత్రాన ఇళ్లు ఊడ్చే యంత్రాలే పంపాలని అనుకోకండి. గెలిచిన వాటిలో చేపల వల ఉంది, కాగితపు హెల్మెట్ ఉంది, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం గాలి నింపి ఉబ్బించే ఇంక్యుబేటర్ ఉంది.

నేను మెకానికల్. డిజైన్ అంటే బొమ్మలు గీయడం కదా, నాలాంటివాళ్లు పంపవచ్చా?

నిస్సందేహంగా పంపవచ్చు. 2013లో గెలిచిన టైటన్ ఆర్మ్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని ఇంజినీరింగ్ విద్యార్థుల పని. చేతికి తొడుక్కుంటే అదనంగా సుమారు 18 కిలోల బరువు ఎత్తే బలమిచ్చే యంత్రం అది. ఎవరి చేతికి ఎలా అమరుతుంది, ఎక్కడ ఒరుసుకుంటుంది, ఎంత ఖర్చులో తయారవుతుంది అని ఆలోచించడమే డిజైన్. ఈ ప్రశ్నలు వేసుకునే మెకానికల్ విద్యార్థి అప్పటికే డిజైన్ చేస్తున్నట్టు లెక్క.

చదువు అయిపోయి రెండేళ్లు దాటింది. ఇంకా అవకాశం ఉందా?

ఉంది. చదువు పూర్తయి నాలుగేళ్లు దాటని పట్టభద్రులను అనుమతిస్తున్నారు. పోటీ జరిగే దేశాల్లో ఏదో ఒకచోట, డిజైన్ లేదా ఇంజినీరింగ్ సంబంధిత కోర్సులో కనీసం ఒక సెమిస్టర్ చదివి ఉండాలి. ఆ దేశాల్లో భారత్ కూడా ఉంది. కాలేజీలో అర్ధాంతరంగా ఆగిపోయిన ప్రాజెక్టును ఉద్యోగం చేస్తూ పూర్తిచేసి పంపాలనుకునేవారికి ఈ నాలుగేళ్ల వెసులుబాటు ఎంతో మేలు.

మా టీములో ఒకరు బయాలజీ, ఒకరు కామర్స్. ఫరవాలేదా?

ఫరవాలేదు. కనీసం ఒక్కరైనా డిజైన్ లేదా ఇంజినీరింగ్ వైపు చదివినవాళ్లు ఉండాలి. మిగతావాళ్లు వేరే శాఖలవాళ్లైనా కావచ్చు, కానీ వాళ్లు కూడా ఉన్నత విద్యలో ఉన్నవారో, నాలుగేళ్లలోపు ముగించినవారో అయి ఉండాలి. నన్నడిగితే, వస్తువును వాడబోయే రంగం తెలిసినవాళ్లు ఒకరు టీములో ఉండటం అదృష్టం.

ఎంట్రీ ఫీజు ఎంత?

ఏమీ లేదు. డిజైన్ పోటీల్లో కొన్నింటికి పేరు నమోదుకే డబ్బు కట్టాలి, గెలిచాక మళ్లీ ప్రచురణ ఖర్చులంటారు. దీనికి అలాంటిదేమీ లేదు.

## సమస్యను ఎంచుకునేటప్పుడు

ఎంత ఆలోచించినా ఐడియా రావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఐడియాను వెతకడం ఆపి, ఇబ్బందిని వెతకండి. నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో చాలామంది గదిలో కూర్చుని తెల్లకాగితం వైపు చూస్తుంటారు. గెలిచినవాళ్ల కథలు చూస్తే దాదాపు ప్రతి ఒక్కటీ ఒక మనిషి దగ్గరో, ఒక దృశ్యం దగ్గరో మొదలైంది. 2014లో గెలిచిన జేమ్స్ రాబర్ట్స్ లఫ్‌బరో విశ్వవిద్యాలయం విద్యార్థి. సిరియా శరణార్థి శిబిరాల్లో నెలలు నిండని పసికందులు ఇంక్యుబేటర్లు లేక చనిపోతున్నారని ఒక డాక్యుమెంటరీలో చూశాడు. అక్కడి నుంచి పుట్టిందే మామ్ అనే, గాలి నింపి ఉబ్బించే ఇంక్యుబేటర్. 2020లో గెలిచిన జుడిత్ జిరో బెనెట్ తల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 2021లో గెలిచిన సింగపూర్ బృందంలో ఒకరి తండ్రికి గ్లాకోమా, అంటే కంటి లోపలి ఒత్తిడి పెరిగి చూపు పోయే జబ్బు. ఇంట్లోనే ఆ ఒత్తిడిని కొలుచుకునే తొడుగు వాళ్ల ఆవిష్కరణ.

మీ ఇంట్లో, మీకు తెలిసిన పనిచోట, ఎవరు ఏ పనికి రోజూ అవస్థ పడుతున్నారో చూడండి. ఒక్కరోజు చూసి వచ్చేయకండి. అదే మనిషి అదే పనిని వేర్వేరు వేళల్లో ఎలా చేస్తున్నారో నాలుగైదుసార్లు గమనించండి. చేతికి అందినదానితో వాళ్లే చేసుకున్న సర్దుబాటు ఏదో ఒకటి కచ్చితంగా కనిపిస్తుంది. గుడ్డముక్క చుట్టుకోవడం కావచ్చు, తాడుతో కట్టుకోవడం కావచ్చు, ఇంకొకరిని పట్టుకోమనడం కావచ్చు. ఆ సర్దుబాటు ఉన్నచోట తీరని అవసరం ఉంటుంది.

2023లో గెలిచిన గోల్డెన్ క్యాప్సూల్ అలా పుట్టిందే. తుర్కియే, సిరియా భూకంపం శిథిలాల్లో క్షతగాత్రులను మోసుకెళ్తుంటే సెలైన్ సంచిని ఒకరు చేత్తో పైకెత్తి పట్టుకోవాల్సి వచ్చేది. ఎత్తులో ఉంటేనే సెలైన్ ఎక్కుతుంది మరి. కొరియాలోని హోంగిక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆ ఎత్తిన చేతిని చూశారు. ఎత్తుతో పనిలేకుండా, విద్యుత్తు కూడా అక్కర్లేకుండా, సాగే గుణం, గాలి పీడనంలో తేడా సాయంతో మందు ఎక్కే పరికరం చేశారు. వార్తల్లో ఆ దృశ్యాన్ని చూసినవాళ్లు కోట్లమంది. ఆ చేతినే సమస్యగా చూసినవాళ్లు వీళ్లు.

మా సమస్య మరీ చిన్నదనిపిస్తోంది. ప్రపంచాన్ని మార్చేదే పంపాలా?

చిన్నదైతే మంచిదే. వాతావరణ మార్పు, క్యాన్సర్, పేదరికం అని పెద్ద పేర్లు పెట్టుకున్న డ్రాఫ్టులు నేను చాలా చదివాను. రెండో పేజీకి వచ్చేసరికి ఏ మనిషికి ఏం మారుతుందో తెలియకుండా పోతుంది. ఐసిస్ షిఫర్ చేసిన ఈకోహెల్మెట్ 2016లో గెలిచింది. దాని వెనుక ఉన్న సమస్యను ఒక్క ముక్కలో చెప్పవచ్చు: అద్దె సైకిలు ఎక్కేవాడి దగ్గర ఆ సమయానికి హెల్మెట్ ఉండదు. హెల్మెట్ గట్టిది కాదనో, ఖరీదనో కాదు సమస్య. వెంట మోసుకు తిరగడం. అంత సూటిగా చూశారు కనకే జవాబు కూడా సూటిగా వచ్చింది. తేనెపట్టు గదుల్లా అమర్చిన కాగితం, మడిస్తే అరటిపండంత. తలకు తగిలే దెబ్బ ఎటువైపు నుంచి వచ్చినా ఆ గదులు పంచుకుంటాయి.

గూగుల్ చేస్తే ఇలాంటిది ఎవరో ముందే చేశారు. వదిలేయాలా?

వెంటనే వదిలేయకండి. ముందు వాళ్లది నిజంగా వాడుకలో ఉందా చూడండి. లేకపోతే ఎందుకు లేదో కనుక్కోండి. ఖరీదా, బరువా, శుభ్రం చేయడం కష్టమా, కరెంటు కావాలా? ఆ కారణమే మీ ప్రాజెక్టు కావచ్చు. మామ్ కంటే ముందు ఇంక్యుబేటర్లు దశాబ్దాలుగా ఉన్నాయి. కానీ సుమారు 30,000 పౌండ్ల ఆసుపత్రి యంత్రాన్ని శిబిరానికి ఎవరు తీసుకెళ్తారు? రాబర్ట్స్ దాన్ని సుమారు 250 పౌండ్లలో, మడిచి పెట్టెలో పెట్టి పంపగలిగేలా, కరెంటు పోయినా బ్యాటరీ మీద 24 గంటలు నడిచేలా చేశాడు. పాత పరిష్కారాల పేర్లు దాచిపెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. న్యాయనిర్ణేతలు మీకంటే ముందే వెతికి చూస్తారు.

ఆలోచన వేరే రంగం నుంచి తెచ్చుకుంటే కాపీ అంటారా?

అనరు, ఎక్కడి నుంచి తెచ్చారో చెబితే చాలు. డైసన్ కూడా కలప మిల్లుల్లో రంపపు పొట్టును గాలి సుడితో వేరుచేసే పద్ధతిని చూసే ఇంట్లో వాడే యంత్రంలోకి తెచ్చాడు. ఎడ్వర్డ్ లినాకర్ గాలిలోని తేమను నీరుగా మార్చి మొక్కల వేళ్లకు అందించే ఎయిర్‌డ్రాప్‌తో 2011లో గెలిచాడు. నమీబ్ ఎడారిలో వీపు మీద మంచుబిందువులు పట్టి తాగే పురుగు అతనికి ప్రేరణ. 2018లో గెలిచిన ఓ-విండ్ టర్బైన్‌కు మూలం అంగారకుడి మీద దొర్లుతూ తిరగడానికి నాసా ఆలోచించిన బంతి. ఆ బంతి గాలికి దారితప్పుతుందన్నదే నికొలాస్ ఒరెయానాను పట్టుకున్న చిక్కు. దాన్ని యాసీన్ నూరానీతో కలిసి నగరాల మేడల మధ్య అన్ని దిక్కుల నుంచీ సుడులు తిరిగే గాలికి పనికొచ్చేలా మలిచాడు.

యాప్ పంపవచ్చా?

గెలిచిన జాబితా చూడండి. చేత పట్టుకునే వస్తువులు, పరికరాలు, పదార్థాలే కనిపిస్తాయి. మీ వస్తువుకు తోడుగా యాప్ ఉంటే బాగానే ఉంటుంది. 2022లో గెలిచిన పోలండ్ బృందం చేసిన స్మార్ట్‌హీల్ గాయం కట్టులో పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణం కొలిచే సెన్సర్ ఉంటుంది. కట్టు విప్పకుండానే గాయం ఎలా ఉందో బయటికి తెలుస్తుంది. అక్కడ బరువంతా కట్టు మీదే ఉంది. ఫోను తీసేస్తే ఏమీ మిగలని ఆలోచనను వేరే పోటీకి దాచుకోండి.

## నమూనా చేసేటప్పుడు

వర్కింగ్ మోడల్ లేకుండా, కంప్యూటర్‌లో గీసిన రెండర్లతో పంపితే?

పంపవచ్చు, కానీ నేను వద్దంటాను. ఇప్పుడు ఎవరైనా ఒక్క సాయంత్రంలో మెరిసే బొమ్మ తయారుచేయగలరు. బొమ్మలో నీరు కారదు, మూత బిగుసుకోదు, తీగ తెగదు. అవన్నీ జరిగేది చేతిలో ఉన్న నమూనాలోనే. పూర్తి పరికరం సాధ్యం కాకపోతే దాని గుండెకాయ లాంటి భాగాన్ని ఒక్కదాన్నే చేయండి. మడతపడే హెల్మెట్ అయితే మడత ఒక్కటి, పంపు అయితే వాల్వు ఒక్కటి. అందంగా లేకపోయినా పనిచేసే అట్టముక్క, పనిచేస్తుందో లేదో తెలియని రెండర్ కంటే ఎక్కువ చెబుతుంది.

ఎన్ని నమూనాలు చేస్తే చాలు?

ఇన్ని అని ఎవరూ చెప్పలేరు. ఈ పోటీ ఎవరి పేరు మీద ఉందో ఆయన తన వాక్యూమ్ క్లీనర్ కుదిరేలోపు 5,127 నమూనాలు చేశాడు. 1979 నుంచి 1984 వరకు అదే పని. అందులో 5,126 కుదరనివే. మీకు అంత కాలం లేదు, అక్కర్లేదు కూడా. ఆ అంకె నుంచి నేర్చుకోవలసింది పద్ధతి: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, ఏం మారిందో చూడాలి, రాసుకోవాలి. మూడు మార్పులు కలిపి చేసి అది పనిచేస్తే, ఏది పనిచేయించిందో మీకే తెలియదు.

లూసీ హ్యూస్ చేసిన మెరైనాటెక్స్ 2019లో గెలిచింది. చేప చర్మం, పొలుసులు, ఎర్ర నాచు కలిపి చేసిన పల్చటి పొర అది, ప్లాస్టిక్ సంచికి బదులు. పాళ్లు మారుస్తూ, పద్ధతి మారుస్తూ నూరుకు పైగా ప్రయోగాలు చేసింది. వాటిలో చాలా భాగం జరిగింది విద్యార్థుల ఉమ్మడి వంటగది పొయ్యి మీద. నాలుగు నుంచి ఆరు వారాల్లో మట్టిలో కలిసిపోయే పదార్థం అలా తేలింది. రోజూ రాసుకున్న నోటుపుస్తకం లేకపోతే నూరో ప్రయత్నానికి ముప్ఫయ్యోదాని సంగతి గుర్తుంటుందా?

మా దగ్గర డబ్బు లేదు, మంచి ల్యాబ్ లేదు. ఎలా?

మొదటి నమూనాలకు డబ్బు ఖర్చుపెట్టకపోవడమే నయం. అట్ట, టేపు, థర్మాకోల్, పాత బొమ్మల మోటార్లు, పారేసిన సీసాలు చాలు. ఖరీదైన నమూనాను పగలగొట్టడానికి మనసు రాదు, పగలగొట్టకపోతే నేర్చుకోలేం. త్రీడీ ప్రింటింగ్ కొలతలు ఒకమాదిరి తేలాక పెట్టుకోండి. ఖరీదైన పరీక్ష ఏదైనా కావాలంటే ఆ యంత్రం ఉన్న విభాగాన్ని వెతికి అడగండి. షిఫర్ తన కాగితపు హెల్మెట్‌ను లండన్ ఇంపీరియల్ కాలేజీలోని క్రాష్ ల్యాబ్‌లో పరీక్షించుకోగలిగింది, అక్కడ ఒక సెమిస్టర్ చదువుతున్నప్పుడు. అడిగినవాళ్లకు తలుపు తీసేవాళ్లు మనం ఊహించినదానికంటే ఎక్కువమందే ఉంటారు.

మాది వైద్య పరికరం. రోగుల మీద పరీక్షించి ఫలితాలు పెట్టాలా?

అనుమతి లేకుండా రోగి ఒంటి మీద ఏదీ పెట్టకండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను, ఉత్సాహంలో ఈ గీత దాటబోయిన టీములను చూశాను. సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం, రోగి రాతపూర్వక అంగీకారం లేనిదే ఆ మాటే వద్దు. విద్యార్థి దశలో టేబుల్ మీద చేసే పరీక్షలు ఎన్నో ఉన్నాయి. రక్తానికి బదులు అదే చిక్కదనం ఉన్న ద్రవం, చర్మానికి బదులు సిలికోన్, బిడ్డకు బదులు గోరువెచ్చని నీటి సంచి. వాటితో వచ్చిన అంకెలు పెట్టండి, అవి టేబుల్ మీద వచ్చినవేనని రాయండి. దాంతోపాటు నర్సులకో డాక్టర్లకో నమూనా చూపించి వాళ్లు చేత్తో పట్టుకున్నప్పుడు ఏమన్నారో రాసుకోండి. వాళ్లు మెచ్చుకున్నదానికంటే అభ్యంతరం చెప్పినదే మీకు పనికొస్తుంది.

పరిష్కారం పనిచేస్తుందని ఎలా నిరూపించాలి?

ఒకే పరీక్షను పాత పద్ధతితో, మీ పద్ధతితో చేసి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి. ఎన్నిసార్లు చేశారో చెప్పండి. "చాలా సమర్థం" అన్న మాట కంటే "పది ప్రయత్నాల్లో ఎనిమిదిసార్లు మూత ఒంటి చేత్తో వచ్చింది" అన్నది బలమైన వాక్యం. మిగతా రెండుసార్లు ఎందుకు రాలేదో కూడా చెబితే ఇంకా బలం.

## ఎంట్రీ రాసేటప్పుడు

ఫారంలో ఏమేం అడుగుతారు?

వస్తువు ఏం చేస్తుంది, ప్రేరణ ఏమిటి, ఎలా పనిచేస్తుంది, డిజైన్ ఎలా సాగింది, ఉన్నవాటికంటే ఎందుకు వేరు, ముందుకు ఏం చేయబోతున్నారు, ఇదివరకు వచ్చిన బహుమతులు. వీటికి తోడు ఫొటోలు, వీడియో. ఏం చేస్తుందన్న మొదటి పెట్టె మీద ఒక రోజంతా పెట్టండి. మీ రంగం తెలియని స్నేహితుడికి ఆ ఒక్క పేరా చదివి వినిపించి, వస్తువు ఏమిటో తిరిగి చెప్పమనండి. తడబడితే తప్పు మీ పేరాదే.

డిజైన్ ప్రక్రియ అన్నచోట ఏం రాయాలి? విఫలమైనవి చెబితే మార్కులు పోతాయేమో?

పోవు. నా దృష్టిలో ఎంట్రీకి ప్రాణం ఆ పెట్టే. చాలామంది "సర్వే చేశాం, ఐడియాలు అనుకున్నాం, నమూనా చేశాం, పరీక్షించాం" అని పాఠ్యపుస్తకంలో ఉన్న మెట్లనే దించేస్తారు. అది ఎవరి ప్రాజెక్టుకైనా అతుకుతుంది కాబట్టి మీ గురించి ఏమీ చెప్పదు. దానికి బదులు ఇలా రాయండి: మొదటి నమూనాలో పిడి గుండ్రంగా చేశాం, తడి చేతులతో పట్టుకుంటే జారింది, రెండోదాంట్లో గాట్లు పెట్టాం, మురికి చేరింది, మూడోదాంట్లో పిడి ఆకారాన్నే మూడు పలకలుగా మార్చాం. ఇలా ప్రతి నమూనా తర్వాతిదాన్ని ఎందుకు పుట్టించిందో తెలియాలి. చదివేది ఇంజినీర్లు. రోజూ విఫలమయ్యే నమూనాల మధ్యే పనిచేసేవాళ్లు. ఏ తప్పూ జరగని కథ వాళ్లకు నమ్మబుద్ధి కాదు.

పారేసిన నమూనాల ఫొటోలు వరుసగా పెట్టిన ఒక్క చిత్రం, నాలుగు పేరాల పని చేస్తుంది. అందుకే మొదటి రోజు నుంచే ఏదీ పారేయకండి. పారేయక తప్పకపోతే ముందు ఫొటో తీయండి.

మా ఇంగ్లీషు అంతంతమాత్రం. అది దెబ్బకొడుతుందా?

వ్యాకరణం కాదు దెబ్బకొట్టేది, బరువైన మాటలు. ముందు తెలుగులో, మీ చెల్లెలికో తమ్ముడికో చెబుతున్నట్టు రాసుకోండి. పొట్టి వాక్యాలుగా ఉంటే ఇంగ్లీషులో పెట్టడం కష్టం కాదు. తర్వాత భాష బాగా తెలిసినవారితో ఒకసారి చూపించుకోండి.

ఫొటోలు, వీడియో ఎలా ఉండాలి?

మొదటి ఫొటోలో వస్తువు ఒక మనిషి చేతిలో, పని చేస్తూ ఉండాలి. ఫోను కెమెరా, కిటికీ వెలుతురు చాలు. వీడియోలో సంగీతం, ఎగిరే అక్షరాలు వద్దు. మొదటి పది సెకన్లలో సమస్య, ఆ వెంటనే వస్తువు పనిచేయడం, కోత లేకుండా ఒకే షాటులో. కోత పెడితే అక్కడేదో దాచారన్న అనుమానం వస్తుంది.

## హక్కులు, పేటెంటు

పోటీకి పంపితే నా ఐడియా వాళ్లదైపోతుందా?

కాదు. ఆవిష్కరణ మీద హక్కులు పాల్గొన్నవారివే. కానీ మీ కాలేజీతో మీకున్న ఒప్పందం వేరే సంగతి. ల్యాబ్ వాడుకున్నందుకో, నిధులిచ్చినందుకో కొన్ని సంస్థలు వాటా కోరతాయి. గైడును, కాలేజీ పేటెంట్ విభాగాన్ని ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. టీములో ఎవరి వాటా ఎంతో కూడా బహుమతి రాకముందే రాసుకోవాలి. వచ్చాక రాసుకోవడం స్నేహాలకు మంచిది కాదు.

ముందు పేటెంటా, ముందు పోటీనా?

పేటెంటు ఆలోచన ఏమాత్రం ఉన్నా ముందు దరఖాస్తు, తర్వాతే పోటీ. కారణం ఇదీ: ఎంట్రీలు వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తాయి. దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసిపోయిన ఆవిష్కరణ కొత్తది కాదని చాలా దేశాల చట్టం అంటుంది. యూరప్ ఈ విషయంలో చాలా కఠినం. అమెరికాలో ఆవిష్కర్త స్వయంగా బయటపెడితే 12 నెలల వెసులుబాటు ఉంది, కానీ దాన్ని నమ్ముకుంటే మిగతా దేశాల్లో దారి మూసుకుపోతుంది.

ఒక దేశంలో మొదటి దరఖాస్తు వేశాక, పారిశ్రామిక హక్కుల మీద దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం ప్రకారం అదే తేదీ ప్రాధాన్యంతో ఇతర దేశాల్లో వేయడానికి పేటెంట్లకు 12 నెలలు, పారిశ్రామిక డిజైన్లకు 6 నెలలు గడువు ఉంటుంది. ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు తక్కువ ఖర్చుతో ఆ తేదీని సంపాదించిపెడుతుంది. అయితే అందులో వివరంగా రాసినదానికే రక్షణ. రెండు పేరాలు రాసి వేస్తే రెండు పేరాలకే.

కాలేజీ ఎగ్జిబిషన్‌లో పెట్టిన పోస్టరు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన వీడియో, కాన్ఫరెన్సులో చదివిన పేపరు కూడా బయటపెట్టడమే అవుతుంది. ఇది తెలియక హక్కు పోగొట్టుకున్న విద్యార్థులను చూశాను. ఒక్క ఫోన్‌కాల్‌తో ఆగిపోయే నష్టం అది.

పేటెంటు వద్దు, అందరికీ ఉచితంగా ఇచ్చేయాలని ఉంది. అది బలహీనతగా చూస్తారా?

చూడరు. 2021లో సస్టెయినబిలిటీ బహుమతి, అంటే పర్యావరణానికి మేలు చేసే ఆవిష్కరణకు ఇచ్చేది, గెలిచిన ప్లాస్టిక్ స్కానర్ ఓపెన్ సోర్స్. పరారుణ కాంతితో ప్లాస్టిక్ రకాన్ని గుర్తించే చేతి పరికరం అది. చెత్త ఏరేవాళ్ల చేతికి అందాలంటే ఎవరైనా చేసుకోగలిగేలా ఉండాలన్నది జెర్రీ డి వోస్ ఆలోచన. మరుసటి ఏడాది అదే బహుమతి పొందిన పాలీఫార్మర్ కూడా ఓపెన్ సోర్సే, ప్లాస్టిక్ సీసాలను త్రీడీ ప్రింటర్ తీగగా మార్చే యంత్రం. ఇచ్చేయడానికి మీ దగ్గర కారణం ఉంటే రాయండి.

## ఎంపిక, ఫలితాలు, ఆ తర్వాత

ఎప్పుడు పంపాలి, ఎప్పుడు తెలుస్తుంది?

సాధారణంగా వసంతకాలంలో మొదలై జూలైలో ముగుస్తుంది. సెప్టెంబరులో దేశాలవారీ విజేతలు, అక్టోబరులో అంతర్జాతీయ తుది జాబితా, నవంబరులో ఫలితాలు.

ఎవరు ఎంచుతారు?

మూడు మెట్లు. ముందు ప్రతి దేశంలో బయటి నిపుణులతో కూడిన బృందం ఒక విజేతను, ఇద్దరు రన్నరప్‌లను ఎంచుతుంది. ఆ తర్వాత డైసన్ కంపెనీ ఇంజినీర్లు అన్ని దేశాల నుంచి 20 ప్రాజెక్టులను వడపోస్తారు. ఆఖరి ఎంపిక జేమ్స్ డైసన్‌ది.

బహుమతి ఎంత?

అంతర్జాతీయ విజేతకు 30,000 పౌండ్లు, దేశ విజేతకు 5,000 పౌండ్లు. 2020 నుంచి సస్టెయినబిలిటీకి విడిగా అంతర్జాతీయ బహుమతి ఇస్తున్నారు.

గెలిచినవి నిజంగా జనం చేతికి వచ్చాయా, షోకేసుల్లోనే ఉన్నాయా?

కొన్ని వచ్చాయి, దానికి ఏళ్లు పట్టింది. డాన్ వాట్సన్ 2012లో గెలిచింది చిన్న చేపలు తప్పించుకునేలా వెలిగే కంతలున్న వలతో. ఆ పని సేఫ్టీనెట్ టెక్నాలజీస్ అనే కంపెనీగా కొనసాగుతోంది. మామ్ ఇంక్యుబేటర్లు 2022లో యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్ ఆసుపత్రులకు వెళ్లాయి, అంటే గెలిచిన ఎనిమిదేళ్లకు. 2015 విజేత వోల్టెరా సర్క్యూట్ బోర్డులు ముద్రించే ప్రింటర్లు అమ్ముతోంది. ఫారంలో ముందుకు ఏం చేస్తారన్నచోట "ఏడాదిలో మార్కెట్‌లోకి తెస్తాం" అని రాసేముందు ఆ ఎనిమిదేళ్లను గుర్తుచేసుకోండి. వచ్చే ఆరు నెలల్లో ఏ ఒక్క పరీక్ష చేస్తారో రాస్తే నమ్మకం కలుగుతుంది.

పోయినసారి మా దేశం స్థాయిలోనే పోయింది. అదే ప్రాజెక్టు మళ్లీ పంపితే చిన్నచూపు చూస్తారా?

ఫిలిప్పీన్స్ విద్యార్థి కార్వీ మైగే 2018లో పంపాడు, దేశం స్థాయి దాటలేదు. అతని ఆలోచన కిటికీ అద్దాల మీద పడే అతినీల లోహిత కిరణాలను కాంతిగా మార్చి కరెంటు చేయడం. ఓడాక అతను పదార్థం దగ్గరికి వెళ్లాడు. ఆ కిరణాలను పట్టే కణాల కోసం పంట వ్యర్థాల వైపు తిరిగాడు. పాడైపోయిన పళ్లు, కూరగాయల్లో దాదాపు 80 రకాలు పరీక్షిస్తే తొమ్మిదింటిలో మంచి ఫలితం కనిపించింది. 2020లో మళ్లీ పంపాడు. మొదటి సస్టెయినబిలిటీ విజేత అతనే.

కాబట్టి మళ్లీ పంపండి, కానీ అదే ఫారం పంపకండి. ఫలితం వచ్చిన వారంలోనే, బాధ తగ్గకముందే, మీకే నచ్చని మూడు లోపాలు కాగితం మీద పెట్టండి. తర్వాత వాడేవాళ్ల దగ్గరికి వెళ్లి అదే ప్రశ్న అడగండి. వాళ్ల జాబితా, మీ జాబితా ఎక్కడ కలవలేదో అక్కడి నుంచి కొత్త నమూనా మొదలుపెట్టండి.